శనివారం టిక్కులు

సుద్దముక్క ఎక్కడ పెట్టాడో, చేతిలోనే ఉంది, చేతిలో ఉన్నదే కనబడనివాడికి హాస్టల్లో ఎవడున్నాడో ఎవడు లేడో ఏం కనబడుతుంది, అనుకుంటూ భీమశంకరరావు బోర్డు వైపు తిరిగి అక్బరు భూమిశిస్తు అని రాశాడు, అక్షరం వంకర పోయింది, వెనక నలభైమంది చూస్తూనే ఉంటారు, ప్రిన్సిపాలు గదిలో ఎస్సై కూర్చునే ఉంటాడు, క్లాసు ముగించుకు వస్తానంటే, రండి మేష్టారూ, మాకేటి తొందర, కాపీ తాగుతాం, అని నవ్వాడు, ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది.

అడిగింది ఒక్కటే, పార్వతీపురం రోడ్డులో ఓ కుర్రోడు దొరికాడండి, గంగులంట, మీ హాస్టలేనంట, స్టేషన్లో కూకోబెట్టినాం, తల్లికి జబ్బని ఊరెల్లి వస్తన్నాడంట, మీ హాజరుపట్టీలో సూస్తే పదిరోజులూ హాస్టల్లోనే ఉన్నాడు, కింద సంతకం మీది, మీరు అబద్ధమా ఆడు అబద్ధమా సెప్పండి, కొండల్లో గొడవలు జరుగుతున్న రోజులు, అటునుంచి వచ్చిన కుర్రాణ్ణి ఊరికే వదులుతారా, పట్టీ నిజమైతే వాడు దొంగ, వాడు నిజమైతే తను దొంగ, రోజూ రాత్రి ఎనిమిదింటికి వార్డెనుగా తను గదిగదికీ తిరిగి పేర్లు పిలవాలి, పిలిచిందెప్పుడు, పొద్దున్నే ఎన్‌సీసీ పెరేడు, పగలు నాలుగు క్లాసులు, ఆపైన పరీక్షల గది, ఇల్లు చేరేసరికి ఒళ్లు తడిసిన గోనెసంచి, ఊళ్లో పన్లన్నీ మీ నెత్తినేనా, ఒకటైనా ఒగ్గేయండి, అంటుంది భార్య లక్ష్మీనరసమ్మ, ఆమెకు ఏడో నెల, ఉద్యోగమా ఇంకా పర్మనెంటు కాలేదు, ఏది ఒగ్గేస్తాడు, శనివారం నాడు ప్యూను జోగయ్య పట్టీ తెచ్చి, వారం టిక్కులూ కొట్టేయండి బాబూ, అందరూ ఉన్నార్లెండి, అంటే పైనుంచి కిందికి ఒక్క ఊపున కొట్టేయడమే, ముందరి వార్డెనూ అంతే, ఆయన ఎవరికీ దొరకలేదు.

చెయ్యి ఊరుకోక సంచిలోంచి దిద్దని పేపర్ల కట్ట తీశాడు, పురికొస విప్పితే మధ్యలోంచి మడత కాగితం జారింది, మహారాజశ్రీ వార్డెను గారికి, మా అమ్మకు జబ్బుగా ఉన్నదని కబురు వచ్చినది, సెలవు ఇప్పించగోరుతున్నాను, చిత్తగించవలెను, గంగులు, అని ఉంది, ఆవేళ ఎవడో గుమ్మంలో నిలబడి సార్, సార్, అన్నాడు, పరీక్ష పేపర్లు కట్టలు కడుతున్న తను తల ఎత్తకుండానే, అక్కడ పెట్టి పోరా, అన్నాడు, చెప్పుల్లేని రెండు కాళ్లు జ్ఞాపకం, మొహం ఎంత తవ్వినా రాదు, చించేస్తే, నాలుగు ముక్కలు చేసి కిటికీలోంచి వదిలేస్తే, ఎవరు చూడొచ్చారు, ఉద్యోగం ఉంటుంది, టిక్కు టిక్కులాగే ఉంటుంది, కాగితం చివర అప్పుడే పర్రుమంది.

గంగులు ఎలా ఉంటాడ్రా, అని పైకే అనేశాడు, ముందు బల్లమీది పోతురాజు లేచి, బక్కగుంటాడండి, అని ఆగి, మూడ్రోజులు మీ జవాబు కోసం సూసినాడండి, ఎల్లి మళ్లీ అడగరా అంటే, అమ్మో, సారు కసురుతారు, నాకు బయ్యం, అని ఏడిసినాడండి, సెప్పకుండానే ఎలిపోనాడు, అన్నాడు.

బయ్యమా, నేనంటేనా, ప్రిన్సిపాలంటే భయం, ఎస్సై అంటే భయం, పర్మనెంటు కాగితమంటే భయం, లోకంలో భయపడేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నానే, కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుని వరండాలోంచి ప్రిన్సిపాలు గది వైపు నడిచాడు, మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి, స్టేషను అరుగు మీద చెప్పుల్లేని ఆ కాళ్లూ ఇలాగే వణుకుతూ ఉంటాయి, ఆ వణుకు పెట్టింది ఎస్సై కాదు, తనే.