ఆరో జత పాదాలు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. మంచమ్మీద కూర్చుని ఆయాసం దిగేదాకా ఆగుతున్న చెంచమ్మ. పొయ్యి మీద నీళ్ళు కాస్తున్న కోడలు రేణుక. పుస్తకం తెరిచి చదవకుండా అవ్వనే చూస్తున్న మనవరాలు ప్రియదర్శిని. పసుపు దంచి తెచ్చిన పక్కింటి విజయమ్మ. పనికి పోతూ గడపలో ఆగి కొడుకు మోహన్‌కృష్ణ అన్న మాట కూడా ఇంట్లోనే ఉండిపోయింది.

"ఐదుగురికే అమ్మా. ఐదుగురి కాళ్ళు కడిగి లోపలికొచ్చి పండుకో. ఆరో మనిషిని కూర్చోబెట్టినావంటే బేసిను తీసి పారేస్తా."

చెంచమ్మ తలూపింది. నిన్నమొన్నటిదాకా మార్కాపురం పలకల కార్ఖానాలో రాతి అంచులు అరగదీసిన మనిషి ఆమె. వేళ్ళ గీతలన్నీ రాయి రంగుకు తిరిగాయి. ఆ పొడి రొమ్ములో కూడా చేరిందని డాక్టరు ఎక్స్‌రే చూపించి చెబితే, "ఎన్ని పలకలు మింగినానో సారూ" అని నవ్వింది. ఊపిరి తీస్తే పిల్లికూత. ఇంటిల్లిపాదీ ఆ చప్పుడుతోనే నిద్రపోతారు, ఆ చప్పుడుతోనే లేస్తారు.

శివరాత్రి ఇంకా నాలుగు రోజులుంది. వాళ్ళ ఇల్లు దోర్నాల రోడ్డు మీదే. గిద్దలూరు, బేస్తవారిపేట వైపు నుంచి శ్రీశైలానికి నడిచేవాళ్ళు పొద్దున్నుంచి ఇంటి ముందు పోతూనే ఉన్నారు.

ముప్పై అయిదేళ్ళ కింద చెంచమ్మ కూడా అట్లా నడిచింది. నాలుగేళ్ళ మోహన్‌కృష్ణకు జ్వరం తగ్గితే కొండకు నడిచి వస్తానని మొక్కుకుంది. దోర్నాల చేరేసరికి అరికాళ్ళ బొబ్బలు చితికి చర్మం ఊడొచ్చింది. ముందంతా అడవి. బస్సెక్కి వెనక్కి పోదామని రోడ్డు పక్కన కూలబడి ఏడుస్తుంటే, ఎవరో ఆడమనిషి గోరువెచ్చని పసుపునీళ్ళు తెచ్చింది. ఊరడగలేదు, పేరడగలేదు. పాదాలు ఒళ్ళో పెట్టుకుని కడిగి, ఆముదం రాసింది. వంచిన తల ఎత్తనేలేదు. చెంచమ్మకు కనిపించింది ఆమె పాపిడి ఒక్కటే. దుమ్ము పట్టిన తిన్నని పాపిడి. దాన్ని చూస్తూ చూస్తూ ఉంటే ఏడుపు ఆగిపోయింది. లేచి నడిచింది.

కొండ మీద శిఖరం చూసింది, మల్లన్ననూ చూసింది. కళ్ళు మూసుకుంటే మాత్రం ఆ పాపిడే కనిపించేది. తిరుగుదారిలో ఎంత వెతికినా ఆమె కనబడలేదు. మరుసటేడు శివరాత్రికి చెంచమ్మ తన గడప ముందు సత్తు బేసిను పెట్టింది. ఆ తర్వాత ఒక్క ఏడూ తప్పలేదు. కడుగుతున్నంతసేపూ ఆమె కూడా తల ఎత్తదు. ముఖాలు తెలియవు. పాదాలే తెలుసు.

గడప ముందు చెంచమ్మ కాళ్ళు కడుగుతుంటే, విజయమ్మ చెంబుతో నీళ్ళు పోస్తూ ఉంది.

"చర్చీలో అడిగినారక్కా, శివయ్య భక్తులకు నువ్వెందుకు నీళ్ళు పోస్తావని."

"ఏమన్నావే?"

"మా ప్రభువు గూడ కాళ్ళు కడిగినాడు, చదువుకోండన్నా."

చెంచమ్మకు నవ్వొచ్చి దగ్గు తెర తన్నుకొచ్చింది. నలుగురి కాళ్ళు కడగడం అయింది. ఐదో మనిషి గొర్రెలు కాసే ముసలాయన. ఆయన మడమల పగుళ్ళలో వేలు దూరేంత సందు. అయినా ఆ పాదాలు ఇంకా నడుస్తామంటున్నట్టే ఉన్నాయి. ఎన్నేళ్ళు చూసినా చెంచమ్మకు ఆ వింత తీరలేదు.

"అత్తా, ఐదుగురైనారు. లెయ్ ఇంక" అంది రేణుక.

లేవబోతుంటే రోడ్డు పక్క రాయి మీద ఒక పిల్ల కూలబడింది. ప్రియదర్శిని ఈడుదే. చెప్పుల్లేవు. బొటనవేలు చీలి నెత్తురు కారుతోంది. దోర్నాల బస్సు ఎప్పుడొస్తుందని ఎవరినో అడుగుతోంది.

చెంచమ్మ మళ్ళీ కూర్చుంది. "రేణుకా, నీళ్ళు చల్లబడినాయే."

"ఆయన తిడతాడత్తా."

"తిట్టనీ."

రేణుక లోపలికి పోయి వేడినీళ్ళు తెచ్చింది.

"వద్దవ్వా, పెద్దదానివి, నా కాళ్ళు పట్టుకోవద్దు" అని పిల్ల ముడుచుకుంది.

"కొండకు బయల్దేరినాక అవి నీ కాళ్ళు గావు తల్లీ. పెట్టు."

కడగడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఊపిరి అందక ఆగింది. తల మాత్రం ఎత్తలేదు. ఆముదం రాసి, వేలికి గుడ్డపీలిక చుట్టింది. పిల్ల లేచింది. బస్సు మాట ఎత్తలేదు. "నీ పేరేందవ్వా?" అని అడిగింది. చెంచమ్మ తల ఎత్తకుండానే పొమ్మని చెయ్యి ఊపింది.

విజయమ్మ చెంబు పక్కన పెట్టి, చెంచమ్మ పాదాలు రెండూ బేసిన్లోకి లాగింది.

"వద్దే విజయా! నేనేడికి నడిచినా?"

"నలభై ఏండ్లు కార్ఖానాకు నడవలే? మూసుకోని కూర్చో."

చెంచమ్మ కూర్చుంది. ఎదురుగా విజయమ్మ వంచిన తల. నెరిసిన జుట్టు మధ్య తిన్నని పాపిడి. చెంచమ్మ దాన్ని అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

"ఏందక్కా?"

"ఏం లేదే. కడుగు."

మధ్యాహ్నం మంచం చేరింది. "తలుపు తీసే ఉంచు, అడుగులు వినపడనీ" అంది. కాసేపటికి రేణుక తొంగి చూసింది. పిల్లికూత వినపడలేదు. "ఇన్నాళ్ళకు ఆయాసం లేకుండా పండుకుంది" అనుకుని, రోడ్డు చప్పుడుకు మెలకువ రాకూడదని మెల్లగా తలుపు వేసింది.

బయట సత్తు బేసిన్లో పసుపునీళ్ళు తేటపడ్డాయి. అడుగున సన్నగా, నల్లగా పలకపొడి పేరుకుని ఉంది.