భూరీ ఒంటి మీది నుసి

ఇరవై రెండేళ్లుగా సూరత్‌లోని ఉధ్నాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాను. మా కార్ఖానాలో ఎవరికి దగ్గు వచ్చినా, కళ్లు మండినా, ఒళ్లు దురద పెట్టినా సాంచాల నుంచి లేచే దారాల నుసి వల్లనే అని తేల్చేస్తాం. డాక్టరు దాకా పోము. గొంతులో నుసి దిగిపోతుందని బెల్లం ముక్క నోట్లో వేసుకుని మళ్లీ పనిలో నిలబడతాం.

భూరీ మా దగ్గరికి వచ్చి మూడేళ్లు. పక్క సాంచా నడిపిన బీహారు అతను తన ఊరి నుంచి తెచ్చుకున్న కుక్క అది. పని మానేసి వెళ్తూ తాడు నా చేతిలో పెట్టాడు. పగలంతా కార్ఖానాలో నాకు కనబడేలా గోడవార పడుకునేది. నా భార్య పద్మారాణి కట్టిచ్చిన సద్దిలో సగం దానికే పోయేది. పిల్లలు లేని ఇల్లు మాది. “అది నీ బిడ్డ, గంగారాం” అని తోటివాళ్లు ఎగతాళి చేస్తే లోపల సంతోషంగానే ఉండేది.

ఎండాకాలం మొదట్లో దాని ఒంటి మీద తెల్లటి పొట్టు కనిపించింది. నుసే అనుకున్నాను. డ్యూటీ దిగాక సాంచా తుడిచే బ్రష్‌తో రోజూ దులిపేవాణ్ణి. మరునాటికి మళ్లీ ఉండేది. కళ్ల చుట్టూ వెంట్రుకలు రాలాయి. గోళ్లు వంకర తిరిగేంత పెరిగాయి. మనిషి చిక్కినట్టు చిక్కిపోయింది.

“గిది నుసి గాదు. జర దవాఖానకు తోలుకపోదాం” అంది పద్మారాణి, ఒకసారి కాదు, రెండుసార్లు. అన్నీ నాకే తెలుసనుకునే పాడు గుణం ఒకటుంది నాకు. కసురుకున్నాను. భూరీ ముందు కూడా బెల్లం ముక్క పెట్టాను. ముక్కులోంచి నెత్తురు కారిన రోజు గానీ దాన్ని ఆటో ఎక్కించలేదు.

పశువుల డాక్టరు వేళ్లతో వెంట్రుకలు విడదీసి చూశాడు. రాలుతున్నది నుసి కాదు, దాని చర్మమే అన్నాడు. రక్తం పరీక్షకు పంపాడు. నాలుగు రోజులకు వచ్చిన రిపోర్టులో కాలా ఆజార్ అని తేలింది. అది మనుషుల జ్వరమనే విన్నాను నేను. ఇసుక ఈగ కుడితే కుక్కలకూ రావచ్చట. సూరత్‌లో తాను చూడటం ఇదే మొదటిసారట. బీహారులో ఈ జబ్బు ఎక్కువట, అక్కడే అంటుకున్నా క్రిమి లోపల ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదట. పూర్తిగా పోగొట్టకపోయినా కొన్నేళ్లు బతికించే మందులున్నాయి కానీ, మూత్రపిండాలు అప్పటికే పాడయ్యాయి. రెండు నెలల ముందు తెచ్చి ఉంటే బాగుండేదని మెల్లగా అన్నాడు. సెలైన్‌తో నెట్టుకురావడమా, సూదితో ముగించడమా మీరే చెప్పాలన్నాడు.

పద్మారాణి సెలైనే పెట్టిద్దామని పట్టుబట్టింది. మూడు రోజులు పెట్టించాం. తాగిన నీళ్లు కూడా కక్కింది. లేవబోయి పడిపోయేది, పడి నావైపు చూసేది. ఆ చూపు భరించలేకపోయాను. నాలుగో రోజు పొద్దున ఆమెకు చెప్పకుండా ఎత్తుకుపోయాను. సూది వేసేటప్పుడు దాని తల నా ఒళ్లోనే ఉంది. పేరు పెట్టి పిలిస్తే తోక ఒకసారి కదిలింది.

ఖాళీ చేతులతో ఇంటికొచ్చేసరికి పద్మారాణి గుమ్మంలో నిలబడి ఉంది. తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

“పానం పొయ్యేటప్పుడు నొప్పైందా దానికి?”

“గప్పుడు గాలె పద్మా. నొప్పి గీ మూడు నెలలు అయ్యింది. అది జెప్పుకుంటనే ఉన్నది. నేనే సూడలె.”