ఈవర్ పేరిట కాచిన బీరు

ఈవర్ హెర్రింగ్ చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ ఫిబ్రవరి తుఫానులో ఊరి పడవలన్నీ ఎక్కడో ఒకచోట ఒడ్డుకు చేరాయి, అతనిది తప్ప. దాని చుక్కాని మాత్రం ఒక దీవి రాళ్ళ మధ్య దొరికింది. మంచు కరగడం మొదలయ్యాక పాస్టర్ ఇంటికి వచ్చి, ఆ పై ఆదివారం చర్చిలో ఈవర్ కోసం ప్రార్థన జరిపిద్దామని మెల్లగా చెప్పాడు.

ఆయన గుమ్మం దాటగానే ఈవర్ తల్లి రాగ్నా, అటక మీది మొలక బార్లీ మూట దించమని కోడలికి చెప్పింది.

"ఎందుకత్తా?" అంది సున్నీవా.

"బీరు కాయాలిగా. నా కొడుకు దినానికొచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగి పోతారా?"

"శవాన్ని కూడా చూడకుండానే దినమా? ఇంకొన్నాళ్ళు ఆగలేవా?"

"ఆగితే సముద్రం తిరిగిస్తుందా పిల్లా? దించు."

ఆ లోయలో పెళ్ళికైనా, బాప్తిస్మానికైనా, చావుకైనా ఇంట్లో కాచిన బీరే పోయాలి. చావుకు పోసేది మరీ ఘాటుగా ఉండాలి. రాగ్నా జూనిపర్ పొద కొమ్మలు మరిగించిన నీళ్ళలో మొలక బార్లీ నానబెట్టింది. వడకట్టిన తీపి నీటిని సగానికి సగం ఇగిరేదాకా కాచి, అల్లం, బురదనేలలో పెరిగే పోర్స్ ఆకు వేసింది. సున్నీవా ముఖం తిప్పుకునే కట్టెలు అందించింది. వేడి తగ్గాక రాగ్నా మణికట్టు ముంచి చూసుకుని, ఈస్ట్ కలిపింది. కలిపేటప్పుడు గట్టిగా కేక వేయడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆమె నోరు తెరిచింది కానీ కేక రాలేదు.

మర్నాటికి తొట్టి నిండా నురగ లేచింది. ఆ మర్నాటికి అణిగిపోయింది. రాగ్నా తొట్టికి చెవి ఆనించింది. చప్పుడు లేదు. గరిటెతో తీసి నాలిక మీద వేసుకుంది. జిగురుగా, పానకంలా ఉంది. పులియడం సగంలోనే ఆగిపోయింది.

సున్నీవాకు ఒక్కసారిగా ప్రాణం తేలికపడింది. బీరు లేకపోతే దినం వాయిదా పడుతుంది. అనుకున్న వెంటనే సిగ్గేసి, అత్త ముఖం చూడలేక పేడ ఎత్తే పని పెట్టుకుని పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లోకి వచ్చేసరికి బల్ల మీద మూడు గిన్నెలున్నాయి. గంజి వేడిగా పొగలు కక్కుతోంది.

"మూడోది ఎవరికత్తా?"

"వాడు వస్తే ఆకలితో వస్తాడు." రాగ్నా కళ్ళు మెరుస్తున్నాయి. "నా బీరు ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా ఆగిందా? బతికున్నోడికి దినం బీరు పొంగదే సున్నీ. నువ్వే కరెక్టు. నేనే తొందరపడ్డాను, పాపిష్టిదాన్ని."

ఇన్నాళ్ళూ సున్నీవా వినాలనుకున్న మాటలే అవి. అయినా ఆమెకు భయం వేసింది. మొన్నటిదాకా ఇంటిని నిలబెట్టిన మనిషి, ఇప్పుడు ఖాళీ కుర్చీ ముందు చెంచా సర్దుతోంది. సున్నీవా దీపం పట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్ళి చెక్క మీద చెయ్యి పెట్టింది. చల్లగా తగిలింది. పైన పాత పలచటి దుప్పటి.

"ఈ దుప్పటి కప్పావేంటి? ఎప్పుడూ గొర్రెబొచ్చు రగ్గు కదా కప్పుతావ్?"

రాగ్నా చెంచాను మళ్ళీ అటు తిప్పి పెట్టింది.

"రగ్గేది అత్తా?"

"పడవలో చలేస్తుందని వాడే పట్టుకెళ్ళాడు," అంది రాగ్నా. తనే ఆ మాట విని, బీరు ఆగింది రగ్గు లేక చలికేనని తెలిసి, చెంచా వదిలేసి, బెంచీ మీద కూలబడింది. గంజి చల్లారిపోయింది.

తెల్లవారగానే సున్నీవా కొండ ఎక్కి, బీరు కాయడంలో రాగ్నాకు పోటీ అయిన పొరుగాయన మోన్స్ ఇంటికి వెళ్ళింది. కూతురి పెళ్ళికని అతనూ బీరు కాస్తున్నాడు. అత్త బీరు ఆగిపోయిందని చెప్పి సాయం అడిగింది.

"ఏమ్మా, ముసల్ది నన్నడగడమా?" అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. "ఎక్కడాగింది?"

"సగంలో, బాబాయ్. తొట్టి చల్లబడిపోయింది. ఇంకా పానకంలానే ఉంది."

"అంత చిక్కటిదాంట్లో ఈస్ట్ చలికి ముడుచుకుంటే మళ్ళీ లేవదు. నాది ఇప్పుడు మంచి పొంగు మీదుంది, పట్టుకెళ్ళు. తిన్నగా తొట్టిలో పొయ్యకు, చచ్చిపోద్ది. మీ బీరే కాస్త తీసి, గోరువెచ్చన చేసి, అందులో కలుపు. అది పొంగాక తొట్టిలో పొయ్యి. ఈలోపు తొట్టిని వేడెక్కించాలి. పొయ్యి మీద పెట్టకండి, మాడిపోద్ది. పాలక్యాన్లో వేణ్ణీళ్ళు పోసి, మూత బిగించి లోపల దింపండి."

బుర్రుమంటున్న నురగను చెక్క గిన్నెలో పోయించుకుని, కోటు లోపల పొట్టకు ఆనించుకుని, మంచు మీద జారకుండా సున్నీవా కొండ దిగింది.

అత్తాకోడళ్ళిద్దరూ మధ్యాహ్నమంతా క్యాను తీసి నీళ్ళు మార్చి మళ్ళీ దింపుతూనే ఉన్నారు. అడుగున పేరుకున్నది లేచేలా రాగ్నా కలియబెట్టింది. తొట్టి మళ్ళీ వెచ్చబడ్డాక, మోన్స్ చెప్పినట్టే గిన్నెలో పొంగించినదాన్ని సున్నీవా అందులో పోసింది. పాత దుప్పటి పక్కన పడేసి, మేడ మీదికి వెళ్ళి, తనూ ఈవరూ కప్పుకునే ఈకల బొంత తెచ్చి తొట్టికి చుట్టింది.

"అది వద్దే," అంది రాగ్నా.

"ఉండనీ అత్తా. నాకొక్కదానికి అంత పెద్దది దేనికి?"

ఆ మాటకు రాగ్నా ఏడ్చింది. చుక్కాని దొరికినప్పుడు కూడా ఏడవని మనిషి, తొట్టి అంచు పట్టుకుని, భుజాలు అదిరేలా ఏడ్చింది. చీకటిపడే వేళకు బొంత కింద సన్నగా చప్పుడు మొదలైంది.

ఆదివారం లోయ లోయంతా వచ్చింది. బీరు నల్లగా, ఘాటుగా దిగింది. చివర కాస్త తీపి మిగిలింది. ఎవరూ ఆ మాట అనలేదు. రెండో చుట్టు తిరిగేసరికి మగవాళ్ళ ముఖాలు ఎర్రబడ్డాయి. ఎవరో ఈవర్ చర్చిలో గురకపెట్టిన సంగతి చెబితే అందరూ పకపకా నవ్వారు. సున్నీవాకు ఒళ్ళు మండిపోయింది. జగ్గు బల్ల మీద పెట్టేసి, బయటికి పోదామని నడిచింది. తలుపు దగ్గర ఒక ముసలి జాలరి ఆమె చెయ్యి పట్టుకుని, "మంచోడమ్మా మీ ఆయన," అన్నాడు.

"అవునండీ," అంది. బల్ల దగ్గరికి వెళ్ళి, జగ్గు తెచ్చి అతని కప్పు నింపింది.