నూరకూడని మాత్ర

మా వృద్ధాశ్రమంలో మాత్ర మింగలేని వాళ్లకి దాన్ని కల్వంలో నూరి జావలో కలిపివ్వడం నా పని. మూడో గది మామ్మకి బీపీ మాత్ర మార్చి నాలుగు రోజులైంది. అప్పట్నుంచీ జావ తాగిన గంటకల్లా కళ్లు తిరిగి తూలుతోంది. నిన్నయితే పడి మోచెయ్యి కొట్టుకుంది.

ఇవాళ నేను నూరలేదు.

"సిస్టరూ, దీన్ని నూరొచ్చో లేదో డాక్టరుగారిని అడగండి."

"ఏడో క్లాసు తప్పినవాడివి, నాకు పాఠం చెప్తావా?"

"తప్పింది లెక్కల్లోనమ్మా, కళ్లు బాగానే ఉన్నాయి. మీరు అడిగేదాకా కల్వం ముట్టను. ఉద్యోగం పీకిస్తే పీకించండి."

గదిలోంచి మామ్మ అరిచింది. "జావ ఏదిరా, వేరే ఊళ్లో కాస్తున్నావా?"

"కాస్త ఓర్చుకో మామ్మా!"

సిస్టర్ గొణుక్కుంటూ ఫోన్ చేసింది. వింటున్నకొద్దీ ఆవిడ మొహం పాలిపోయింది. అది రోజంతా కొంచెం కొంచెంగా కరగాల్సిన మాత్రట. నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుందట. డాక్టరు ఫోన్లోనే వేరే మాత్ర చెప్పాడు.

నాకు మెప్పేమీ దక్కలేదు, ఆశపడనూ లేదు.

"ఇంకెవరెవరివి నూరుతున్నావు?" అంది సిస్టర్ మెల్లగా.

పదకొండు మందివీ తెచ్చి బల్ల మీద పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఫోన్ పెట్టెయ్యకండి. ఒక్కోటీ అడగండి."