పేర్లు పిలిచే చోటు

ఇంకొక్క నిమిషం, వాడు రెండో చరణం అందుకోనీ, అప్పుడు చెప్తాను వాడి సంగతి, వేలు సౌండ్ బోర్డు బటన్ మీదే ఉంది, నొక్కితే స్టేజ్ మీద నీల్ గొంతు ఆగిపోయి క్వాబెనా గొంతు వస్తుంది, మా బేస్‌మెంట్‌లో నేనే రికార్డ్ చేసిన అసలు పాట, అప్పుడు ఈ నోవై ఊరి తెలుగువాళ్లందరికీ తెలుస్తుంది ఎవరి రాప్ ఎవడు పాడుతున్నాడో, సిగ్గులేని వెధవ, ఆడిటోరియం లోపల నల్ల కళ్లజోడు ఒకటి, బయట మంచు ఇంకా కరగనేలేదు, నాలుగో వరసలో క్వాబెనా, నా క్లాస్‌మేట్, నేనే రమ్మన్నాను, సర్‌ప్రైజ్ అన్నాను, తన మాటలే వేరేవాడి నోట వింటూ చేతులు కట్టుకుని తల వంచుకు కూర్చున్నాడు.

రికార్డ్ చేసిన రోజు క్వాబెనా మైక్ ముందు నిలబడి వాటర్ బాటిల్ మూత తీశాడు, గొంతు తడుపుకుంటాడనుకున్నాను, నేల మీద పోశాడు, మెట్ల మీద నుంచి అమ్మ, అయ్యో బాబూ, కార్పెట్, అంది, సారీ ఆంటీ, మా ఘానాలో చనిపోయినవాళ్ల పేర్లు పిలిచే ముందు ఇలా పోస్తారు, మా అమ్మమ్మ, వాళ్లమ్మ, ఆ పైవాళ్లు, నేను ఇక్కడ పుట్టాను కదా, రాప్‌లో తప్ప వాళ్లని పిలవడం నాకు రాదు, బీట్ అమెరికాది, మాటలు అమ్మమ్మవి, అన్నాడు, అమ్మ మెట్లు దిగి వచ్చింది, మా నాన్న కూడా మూడు తరాల పేర్లు చెప్పి నీళ్లు వదిలేవారు అంది, టవల్ తెచ్చింది గానీ తుడవమనలేదు, అతని ట్వి భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా హెడ్‌ఫోన్స్‌లో నాకు ఒళ్లు జలదరించింది, మా అమ్మమ్మ వాళ్లమ్మ పేరేమిటో నాకు తెలియదని ఆ రోజే తెలిసింది.

ఆ పాటని వీడు, నిన్న రిహార్సల్‌లో అడిగాను, ఇది నీది కాదు కదా నీల్ అని, చిల్ హంసికా, జస్ట్ వైబ్, పేర్లు మార్చేశా కదా, మన కమిటీ వాళ్లవి పెట్టా, ట్రిబ్యూట్, అంకుల్స్ ఫుల్ హ్యాపీ, అన్నాడు, పాట ఎలా దొరికిందన్నది మాత్రం ఇద్దరం ఎత్తలేదు, అదిగో, ప్రెసిడెంట్ పద్మనాభం అంకుల్ పేరు వచ్చింది, ఆయన ముందు వరసలో లేచి దణ్ణం పెడుతున్నాడు, పాపం జనవరిలోనే బైపాస్ అయింది, పోయినవాళ్లని పిలిచే చోట తన పేరు పడిందని తెలియదు, కృష్ణకుమారి ఆంటీ, ఈలలు, చప్పట్లు, పిలువు, భలే పిలుస్తున్నావు, అందరినీ పిలువు, పాట మార్చి మైక్ తీసుకుని చెప్తాను, మీకందరికీ బతికుండగానే తర్పణం అయిపోయిందండీ, నీల్ చేతుల మీదుగా, అని, అప్పుడు చూడాలి వాడి మొహం, పక్కన వాళ్ల నాన్న మొహం, జన్మలో మళ్లీ మైక్ ముట్టుకోడు, లోకేష్ అంకుల్, ఇంకొక్క పేరు, ఇక నొక్కుతాను, శశికళ ఆంటీ,

అమ్మ, పక్క తలుపు దగ్గర పులిహోర ట్రేలు సర్దుతున్న మా అమ్మ, అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె చేయి మెడలో నల్లపూసల మీదకి వెళ్లింది, పేరు పడిన ఆ చోటేమిటో ఈ హాల్లో ముగ్గురికే తెలుసు, మా అమ్మ పేరు తీయరా, తీసెయ్, అని అరవబోయాను, అప్పుడు క్వాబెనా తలెత్తాడు, స్టేజ్ వైపు కాదు, నా వైపు, కోపంగా కూడా కాదు, వాళ్లమ్మమ్మ పేరు చెరిపేసిన చోట మా అమ్మ పేరు, నాకు ఒక్క క్షణం బాధ, అతనికి పాట మొత్తం, అతను చూస్తూనే ఉన్నాడు, రికార్డింగ్ నా దగ్గర తప్ప ఎక్కడా లేదని అతనికి తెలుసు, పోయిన నెల కార్‌లో ఇంటి దగ్గర దింపుతూ, నాకోసం ఒక్కసారి పంపవా, అని నీల్ నవ్వాడు, ఆ నవ్వుకి పొంగిపోయి క్వాబెనాని అడగకుండానే నొక్కేశాను, ఈ వేలితోనే, పాట పంపింది నేనే.