గాజుతొట్టెలో ఊదా పగడం

నీటిచుక్క నాలిక మీద వేసుకుని అందులో నైట్రేట్ ఎంతుందో చెప్పగలిగిన మనిషి బాలి ఉత్తర తీరం మొత్తానికి నేనొక్కణ్ణే. పది అంటే పది, ఇరవై అంటే ఇరవై. పరీక్ష గొట్టాలూ పొడులూ రంగుల అట్టలూ నాలిక లేనివాళ్ళకి. ఈ మాట నేను ఊరిసభలో అందరి ముందూ అన్నాను. అందుకే ఈ కథ వచ్చి నా నెత్తిన పడింది.

ఆ ఏడు సముద్రం కాగుతున్న కుండలా ఉంది. మా ఊరి ముందు నీళ్ళలో ఉన్న పగడాల తోట తెల్లబడటం మొదలుపెట్టింది. వేడికి పగడం ముందు రంగు వదులుతుంది, తరవాత ప్రాణం వదులుతుంది. ఆ తోటలో ఊదారంగు కొమ్మల పగడం ఒకటుంది. అదే తల్లి. దాని కొమ్మలు తుంచి, సిమెంటు బిళ్ళల మీద అతికించి, పదిహేనేళ్ళుగా తోటంతా పెంచాం. పిల్లలన్నీ నెలరోజుల్లో సున్నంముద్దల్లా అయిపోయాయి. తల్లి ఒక్కటే ఇంకా కొంచెం రంగు పట్టుకుని ఉంది.

తోట సంఘానికి పెద్ద కడెక్ సుకెర్తి. నలభై దాటిన మనిషి, నీళ్ళలో దిగితే చేప, ఒడ్డుకొస్తే పులి. సభలో లేచి, "దీన్ని ఒడ్డుకు తేవాలి. సముద్రం చల్లబడేదాకా ఎవరింట్లోనైనా తొట్టెలో పెట్టుకోవాలి. ఎవరు?" అంది.

అందరూ నేలచూపులు చూశారు. నేను మాత్రం నా నాలిక గొప్ప చెప్పాను.

"సరే, గెజిర్ తాతా, నీకే," అంది సుకెర్తి. "ఇది పోతే తోట మళ్ళీ మొలవదు. ఆ సంగతి నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. వయసులో ఉన్నప్పుడు నేనూ, సుకెర్తి వాళ్ళ నాన్నా కలిసి మునిగేవాళ్ళం. రంగుచేపలు పట్టి అమ్మేవాళ్ళం. సీసాలో విషం కలిపిన నీళ్ళు పగడం సందుల్లోకి చిమ్మితే చేప మత్తెక్కి చేతికొచ్చేది. చేప చేతికొచ్చాక పగడం ఏమైందో మేం వెనక్కి తిరిగి చూడలేదు. ఒక రోజు చూసేసరికి చూడ్డానికేమీ లేదు. ఆ శ్మశానంలో ఒక్క ఊదా కొమ్మ దొరికితే సుకెర్తి వాళ్ళ నాన్న దాన్ని పసిబిడ్డలా సాకాడు. ఆయన పోయి ఎనిమిదేళ్ళు. ఆ కొమ్మే ఈ తల్లి.

నా తొట్టె పెద్దదేం కాదు, అరవై లీటర్లు పడుతుంది. వంటింటి గోడవారగా బల్ల మీద పెట్టుకున్నాను. తొట్టె వెనక ఒక ప్లాస్టిక్ డబ్బా. నీళ్ళు అందులోకి వెళ్ళి, స్పాంజి దాటి, అడుగున రాళ్ళలోంచి వడకట్టుకుని, పంపు తోస్తే మళ్ళీ తొట్టెలోకి వస్తాయి. డబ్బాకి మూత, మూత మధ్య గొట్టం దిగేందుకు కాస్త వెడల్పు కన్నం. వేడి తగ్గడానికి ఒక ఫ్యాను, ఐసు సీసాలు. మొగుడూ పెళ్ళాల్లా తిరిగే రెండు చేపలు, నల్లటి పీత ఒకటి. మధ్యలో రాతిమీద, నా రెండు గుప్పిళ్ళంత ఊదా పగడం.

మా ఆవిడ రెనింగ్ దాన్ని చూసి, "ఇంత చిన్నదా? సభలో నువ్వు మాట్లాడుతుంటే గుడి అంత ఉంటుందనుకున్నా," అంది.

"గుడే అనుకో," అన్నాను. "ఊరి ప్రాణం అందులో ఉంది."

అనేముందు ఆలోచించాల్సింది. రెనింగ్ నేను చెప్పే అబద్ధాలు వేటినీ నమ్మదు, నిజాలు మాత్రం గట్టిగా పట్టుకుంటుంది.

మొదటివారం బాగానే గడిచింది. రెండోవారం పగడం రంగు మాసింది. ఊదా పోయి, కాఫీ ఒలికిన గుడ్డలా గోధుమరంగు ఎక్కింది. సుకెర్తి వచ్చి తొట్టెముందు గొంతుక్కూర్చుంది.

"తాతా, ఏదీ, రుచి చూడు."

వేలు ముంచి నాకాను. కళ్ళు మూసుకున్నాను, పెదవి చప్పరించాను. "పన్నెండు," అన్నాను.

సుకెర్తి సంచిలోంచి పరీక్ష గొట్టం తీసింది. నీళ్ళు పోసి, పొడి వేసి, ఊపింది. తాంబూలం ఉమ్మినట్టు ఎర్రబడింది. అట్ట పక్కన పెట్టి చూసింది.

"యాభై. నీ నాలికకి పాచి పట్టినట్టుంది, గీకించుకో."

రెనింగ్ పొయ్యి దగ్గర్నించి, "ఆ నాలిక్కి కూరలో ఉప్పు లేదనడమే వచ్చు," అంది.

ఇక దాచి లాభం లేదు, మీకూ చెప్పేస్తాను. సముద్రపు నీళ్ళు ఎప్పుడు నాకినా ఉప్పగానే ఉంటాయి. అంతకు మించి ఈ నాలిక్కి ఏనాడూ ఏమీ తెలియలేదు. జనం వచ్చేముందు పెరట్లో దొంగచాటుగా గొట్టంలో పరీక్ష చేసుకుని, తరవాత అందరి ముందూ నాకేవాణ్ణి. ఆవేళ సుకెర్తి చెప్పకుండా వచ్చింది, అంతే.

నైట్రేట్ అంటే మరేం లేదు. నీళ్ళలో చేప తిన్నదీ, విడిచిందీ, తినక వదిలేసి కుళ్ళిందీ అంతా అరిగి అరిగి చివరికి అలా మిగులుతుంది. బయట సముద్రంలో దాని జాడే ఉండదు. చేపలు ఓర్చుకుంటాయి. పగడం ఓర్చుకోదు.

మర్నాడు పడవేసుకుని సముద్రం లోపలికెళ్ళి తేట నీళ్ళు తెచ్చి సగం తొట్టె మార్చాను. ఇరవైఅయిదుకి దిగింది. నాలుగోరోజుకి మళ్ళీ యాభై. మళ్ళీ మార్చాను. మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కింది. తెచ్చిన నీళ్ళలో ఏమైనా ఉందేమోనని వాటినీ పరీక్షించాను. గొట్టం తెల్లగా, నిర్మలంగా ఉంది. చేపలకి మేత సగం చేశాను, తరవాత రెండురోజులకోసారి చేశాను. పాపం ఆ రెండూ గాజుకి మూతులు ఆనించి నావైపే చూసేవి. స్పాంజి రోజూ కడిగాను. ఇసక తోడాను. డబ్బా అడుగున రాళ్ళు మాత్రం ముట్టుకోలేదు; నీళ్ళని శుభ్రంచేసే సూక్ష్మజీవులు అక్కడే కాపురముంటాయి, కదిలిస్తే చస్తాయి. ఇది నేను ఊరందరికీ నేర్పిన పాఠం.

పగడం అడుగున తోలు వదలడం మొదలైంది. వేలితో నీళ్ళు కదిపితే పొర ఊడి తేలేది, కింద తెల్లటి ఎముక. రోజుకి ఒక గింజంత పైకి పాకేది ఆ తెలుపు.

"సారా చుక్కలు వేస్తారట," అంది సుకెర్తి. "ఆ సారా తిని సూక్ష్మజీవులు పెరుగుతాయి, పెరుగుతూ నైట్రేట్‌నీ తినేస్తాయి. రెండే చుక్కలు, తాతా. రోజుకి రెండు."

మా వీధిలో తాటిసారా కాచే ఇల్లుంది. తెచ్చాను. రెండు చుక్కలు వేశాను. రెండురోజులు చూశాను. తెలుపు ఇంకో గింజ పాకింది. రెండు చుక్కలతో నాకే ఏమీ కాదు, వాటికేమవుతుంది అనిపించింది. మూతెడు పోశాను.

గంటలో తొట్టె బియ్యం కడిగిన నీళ్ళలా అయింది. జంటచేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. పీత నీళ్ళలోంచి గొట్టం మీదికి ఎక్కేసింది. చెంబుతో నీళ్ళు ముంచడం, ఎత్తిపొయ్యడం, ముంచడం, ఎత్తిపొయ్యడం; గాలి కలిస్తే తప్ప వాటికి ఊపిరాడదు. పొద్దుట్నించి సాయంత్రం దాకా నేనూ రెనింగూ వంతులేసుకుని పోశాం. చేతులు పడిపోయాయి. మగచేప బతికింది, ఆడది పోయింది.

రెనింగ్ ఆ చేపని అరిటాకులో చుట్టి కొబ్బరిచెట్టు కింద పెట్టి వచ్చింది. "ఏమయ్యా, ఇంక దేవుడే," అంది. "దేవుడైతే వస్తున్నాడులే. పొద్దున్నే ఆయనకని పొయ్యి దగ్గర పెట్టిన ఆకులో మెతుకులు చీకటిపడేదాకా ఉంటాయి. నీ తొట్టె దగ్గర పెట్టిన ఆకు పొద్దెక్కేసరికి ఖాళీ. చీమ కూడా ఉండదు. అంత ఆకలి ఆయనకి."

నాకు ఏడుపులోనూ కాస్త గర్వమనిపించింది, నా తొట్టె మహిమ అనుకున్నాను.

మూడోరోజు తుంపెక్ కందాంగ్ పండగ. ఆవులకీ పందులకీ కోళ్ళకీ అక్షతలు చల్లి, తీర్థం చిలకరించి, వాటి కడుపు చల్లగా ఉండాలని కోరుకునే రోజు. ఆ మర్నాడు పరీక్ష గొట్టం నల్లెరుపు తిరిగింది. ఎనభై. అట్ట మీద అంతకు మించిన రంగు లేదు.

ఆరాత్రి నేను సరిగా నిద్రపోలేదు. పోయినా కల్లో అదే తెలుపు. వేకువనే లేచి తొట్టెముందు కూర్చున్నాను. మొదలంతా ఎముక. పైన నాలుగైదు కొమ్మల చివర్లు మాత్రం ఇంకా గోధుమరంగుతో ప్రాణం పట్టుకుని ఉన్నాయి. చేతులు జోడించలేదు. జోడించే మొహం లేదు. "ఒకసారి చంపాం నిన్ను. తెలియక అనను, తెలిసే చంపాం," అన్నాను దానితో. "ఇప్పుడు ఏం చేసి చంపుతున్నానో అదైనా చెప్పు."

రెనింగ్ అన్నం వార్చింది. ఎప్పటిలాగే చిన్నచిన్న అరిటాకు ముక్కల మీద చిటికెడేసి అన్నం, రవ్వంత ఉప్పు. మేం తినకముందు దేవుళ్ళందరికీ పెట్టాలి కదా. పొయ్యి మీద ఒకటి, నీళ్ళబాన మీద ఒకటి, బావి దగ్గర ఒకటి, గుమ్మం దగ్గర ఒకటి. తరవాత తొట్టె వెనక్కి వెళ్ళి డబ్బా మూతమీద ఒకటి పెట్టింది. పండగ రోజునించీ అక్కడ చిటికెడు కాదు, గుప్పెడు. కళ్ళు మూసుకుని ఏదో గొణిగి వెళ్ళిపోయింది.

పగడం వచ్చిన రోజునించీ ఆవిడ అక్కడ పెడుతూనే ఉంది, నేను రోజూ చూస్తూనే ఉన్నాను. తొట్టెలోకి ఏమేం వెళ్తున్నాయో వందసార్లు వేళ్ళమీద లెక్కపెట్టాను: మేత, నీళ్ళు, సారా. దేవుడికి పెట్టినదాన్ని మేతలో ఎవరు లెక్కేస్తారు?

పంపు గుర్రుమంటోంది. మూత సన్నగా అదురుతోంది. ఆకు అంచున ఉన్న ఒక మెతుకు కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. గుడికెళ్ళే ముసలమ్మలా తాపీగా నడుచుకుంటూ మూత మధ్య కన్నం దాకా వెళ్ళి, అంచుమీద ఒక్క క్షణం నిలబడి, లోపల పడింది. వెనకాలే ఇంకొకటి బయలుదేరింది.

నేను అరిచిన అరుపుకి రెనింగ్ గరిటెతో పరిగెత్తుకొచ్చింది. వేలు చూపించాను. మూడో మెతుకు పడేదాకా ఇద్దరం చూశాం.

మూత తీసి, స్పాంజి తీసి, నేను ఎవర్నీ ముట్టుకోనివ్వని రాళ్ళు తీశాను. అడుగున జానెడు మందాన నల్లటి బురద, మురుగుకాలవ కంపు.

"నేనా?" అంది రెనింగ్. "ఇన్నాళ్ళూ నేనా దానికి పెట్టింది?"

"నువ్వు కాదు, పంపు," అన్నాను. "నీ చెయ్యి మంచిదే. నువ్వు చేసిన వంట పాచిపోయేదాకా ఏనాడూ ఎవరూ వదల్లేదు."

రెనింగ్ నవ్వలేదు. కట్టుగుడ్డ పైకి దోపుకుని ఆ కంపులోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, గుప్పిళ్ళతో తీసి బకెట్లో వేసింది. నేను తీస్తానన్నా వినలేదు.

కబురందుకుని సుకెర్తి కటింగు ప్లయరు పట్టుకుని వచ్చింది. ఏం జరిగిందో చెబుతుంటే బకెట్లోకి చూస్తూ నిలబడింది. తిడుతుందని నేను మెడ వంచుకుని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ నన్ను దాటి రెనింగ్ దగ్గరికి వెళ్ళింది.

"అవ్వా, రేపు అన్నం ఎక్కడ పెడతావు?"

"పెట్టను. ఇంక పెట్టనే పెట్టను."

"పెట్టాలి. పెట్టకపోతే ఎలా? బల్ల కింద నేలమీద పెట్టు."

తరవాత పగడాన్ని పళ్ళెంలోకి తీసి, బతికున్న చివర్లని ఒక్కొక్కటే కత్తిరించింది. ప్లయరు నొక్కినప్పుడల్లా ఎండుపుల్ల విరిగిన చప్పుడు. అయిదు ముక్కలొచ్చాయి. వాళ్ళ నాన్న చేతుల్లో పెరిగిన మొదలుని, తెల్లటి ఎముకని, కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముక్కల్ని బిళ్ళల మీద అతికించి, కొత్తనీళ్ళు నిండిన తొట్టెలో దింపాం.

నలభై, ఇరవై, పది, అయిదు. పరీక్ష గొట్టంలో ఎరుపు రోజురోజుకీ విరిగింది. కానీ ముక్కలు ఆ దెబ్బనించి తేరుకోలేదు. మొదటివారంలో రెండు పోయాయి. తరవాతి పదిరోజుల్లో ఇంకో రెండు. అయిదోది ఉండీ లేనట్టుండేది. పొద్దున్నే దాన్ని చూడ్డానికి ముందు నేను కాసేపు కళ్ళు మూసుకునేవాణ్ణి. రెనింగ్ నేలమీద ఆకు పెట్టేది. అందులో మెతుకులు చీకటిపడేదాకా అలాగే ఉండేవి. "ఇప్పుడు ఆకలి లేదా స్వామీ," అని వెక్కిరిస్తే చేటతో కొట్టేది.

వానలు పడి సముద్రం చల్లబడి, ఆ అయిదోదానికి మళ్ళీ కాస్త ఊదా తిరిగాక ముగ్గురం పడవలో వెళ్ళాం. రెనింగ్ జీవితంలో నీళ్ళలో దిగలేదు, పడవలో తాడు పట్టుకుని కూర్చుంది. నేనూ సుకెర్తీ మునిగి, పాత తల్లి ఉన్నచోటే ఆ బిళ్ళని కట్టాం. చుట్టూ అంతా తెలుపు. మధ్యలో నా బొటనవేలంత ఊదా పగడం, చివర కొత్త మొలకతో.

ఈ కథంతా నిజం. మెతుకులు నడవడం కూడా నిజం, మూత ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, వచ్చి చూసుకోండి. కల్పించింది ఒక్కటే: బొటనవేలు. అంత లేదు. నా చిటికెనవేలి గోరంత ఉంది, అదీ కత్తిరించిన గోరు. మొలక ఉందో లేదో నీళ్ళలో నా కళ్ళకి ఆనలేదు. ఉందని సుకెర్తి అంటుంది.