మట్టికి చెప్పిన గడువు

బుర్హాన్‌పూర్ కోటలో బేగం ప్రసవంలో చనిపోయినప్పుడు సమాధి తవ్వింది ఊరి శ్మశానంలో గుంతలు తవ్వే బరకత్. కోట కింద తపతి నది, నదికి అవతల జైనాబాద్ తోట. ఎక్కడ తవ్వాలో తోట దరోగా కర్రతో గీసి చూపించాడు. బరకత్‌కు ఒక పూట పట్టింది. తర్వాత తాపీవాళ్లు దిగి లోపల ఇటుక పేర్చి సున్నం పూశారు. పైన మూయడానికి మూడు రాతి పలకలు తెచ్చారు.

శరీరాన్ని దింపాక, పలకలు మూయకముందు, ముల్లా అంచున కూర్చుని మట్టితో మాట్లాడాడు. ఇది నీ దగ్గర అమానతు, ఆరు నెలలకు వచ్చి తీసుకుపోతాం అన్నాడు. అలా దాచమని అమానతుగా ఉంచిన శరీరాన్ని మట్టి ముట్టుకోదని ఆ ఊళ్లో అందరూ నమ్ముతారు. అయితే గడువు పైకి చెప్పాలి. చెప్పకపోతే మట్టి తనకిచ్చారనుకుంటుంది. దూరదేశపు వర్తకులు ఊళ్లో చనిపోతే వాళ్ల మనుషులు వచ్చేదాకా అలా ఉంచడం బరకత్‌కు తెలుసు. పాదుషా ఆగ్రాలో యమున ఒడ్డున బేగంకు పాలరాతి సమాధి కట్టించబోతున్నాడని ఆ రోజే తోటలో అనుకున్నారు.

అది వానలు లేని రెండో ఏడు. గుజరాత్ నుంచి జనం నడిచి వచ్చి దారిలోనే పడిపోతున్నారు. బుర్హాన్‌పూర్ నేతగాళ్లు మగ్గాలను వంటచెరకు కింద అమ్మేశారు. ఊరి శ్మశానంలో పద్నాలుగు మంది తవ్వేవాళ్లుండేవారు. ఎండలు తగ్గేసరికి అయిదుగురు మిగిలారు.

బేగం సమాధి దగ్గర రోజూ ఖురాన్ చదివేవారు. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆమె పేరున కిచిడీ పంచేవారు. మనిషికి ఒక గరిటె. అక్కడే కూర్చుని తినాలి, తిన్నాక చేతులెత్తి బేగం కోసం దువా చేయాలి. బరకత్ కూడా ఆ వరుసలోనే నిలబడేవాడు. ఒకరోజు గరిటె పట్టుకున్న ఫత్తూ, దువా బేగంకు వినబడేలా చేయమని జనాన్ని కసురుకున్నాడు. బరకత్ వెనకున్న ముసలామె ఊరుకోలేదు.

"గట్టిగ అనాల్నంటే గరిటె నిండ వెయ్యి. బతికున్నన్ని దినాలు ఆ తల్లి మన మొహం చూడలే. సచ్చి మనల్ని సాకుతుంది. నువ్వు బతికుండి ఏం చేస్తున్నవురా?"

వరుసంతా నవ్వింది. ముసలామె వెనక నిలబడిన జమాలన్ కూడా నవ్వింది. జమాలన్ నేతగాడి పెళ్లాం. భర్త రంజానీ గింజల కోసం అసీర్‌గఢ్ వైపు వెళ్లి తిరిగి రాలేదు. ఇద్దరు పిల్లలు: ఎనిమిదేళ్ల నసీబన్, నాలుగేళ్ల పీరూ. వాళ్ల ముగ్గురి మూడు గరిటెలే ఆ ఇంటికి తిండి.

ఆరో నెలలో దండోరా వేశారు. బేగం పేటికను ఆగ్రాకు తీసుకువెళ్తారు, దారి పొడవునా ప్రతి మజిలీలో పేదలకు అన్నం పెడతారు. మిగతాది దండోరా వేసేవాడు చెప్పలేదు, ఫత్తూ చెప్పాడు: కిచిడీ వండే డేగిసాలు కూడా వెళ్తాయి, ఇక్కడ పొయ్యి ఆర్పేస్తారు.

జమాలన్ వచ్చి బరకత్‌ను దారి ఎంతని అడిగింది. నెల పడుతుందన్నాడు. పేటిక వెనక నడుస్తానంది. నసీబన్ నడవగలదు, పీరూను ఎత్తుకుంటుంది. ఆగ్రాలో ఆడవాళ్లకు కూడా ఇటుకలు మోసే పని ఇస్తారట. పీరూకు అప్పటికి పది రోజులుగా విరేచనాలు. వాడు చలిలో ఆ దారి తట్టుకోలేడని బరకత్ చెప్పాడు. ఇక్కడుంటే ముగ్గురం పోతాం, వెళ్తే ఎవరో ఒకరు మిగులుతారని ఆమె జవాబిచ్చింది.

బయల్దేరే రోజు పొద్దున పలకలు ఎత్తారు. దిగిన నలుగురిలో బరకత్ ఒకడు. కర్పూరం వాసన, పేటిక మీద కప్పిన గుడ్డ తప్ప అతను చూసిందేమీ లేదు. పేటిక పైకి వచ్చింది, నగారాలు మోగాయి. పొద్దెక్కేసరికి ముందున్నవాళ్లు నది దాటారు. సాయంత్రంలోపు గుంత పూడ్చి, చదును చేసి, గులాబీ కొమ్మలు నాటమని దరోగా బరకత్‌కు చెప్పి వెళ్లిపోయాడు.

బరకత్ పార తీసుకునేటప్పటికి జమాలన్ వచ్చింది. ఓఢ్నీలో చుట్టి పీరూను ఎత్తుకుని ఉంది. తెల్లవారేసరికి వాడు చనిపోయాడు. ఆమె ముందు ఊరి శ్మశానానికి వెళ్లింది. గేటు బయట ఇరవై ముగ్గురిని పడుకోబెట్టి ఉన్నారు, తవ్వుతున్నది ఇద్దరు. పీరూ వంతు రేపటికి గాని రాదన్నారు. ఇవతల ఊరేగింపు చివరి బండ్లు అప్పుడే ఇసుకలో దిగుతున్నాయి. డేగిసాలున్నది ఆ బండ్లలోనే. నసీబన్ ఇసుక మీద కూర్చుని తల్లి కోసం చూస్తోంది.

"చాచా, ఈ గుంతను పూడుస్తవా?"

"పూడ్చుమన్నరు."

"పిల్లగాన్ని ఇందుల ఉంచు."

బరకత్ పార కింద పెట్టాడు. "ఇది బేగం గోరీ, బేటీ. తెలిస్తే నా తల తీస్తరు."

"బేగం ఎల్లిపోయింది గద. ఇగ ఎవరికి అడ్డం?"

"తానం పొయ్యలే. కఫన్ లేదు. గుడ్డ లేకుండ ఎట్ల పెట్టాలె?"

"పెట్టుమంటలేను. అమానత్ ఉంచుమంటున్న. కఫన్ తీస్కొని నేనే వస్త. అప్పుడు తానం పోసి సక్కగ పెట్టుకుంట."

బరకత్ నది వైపు చూశాడు. రెండు బండ్లు నీళ్లలోకి దిగాయి.

"గడువు చెప్పాలె," అన్నాడు.

"ఆగ్రాల గోరీ కట్టుడు అయ్యేదాంక."

"అట్ల చెప్తే మట్టికి తెల్వది. నెలలన్న చెప్పు, ఏండ్లన్న చెప్పు."

"గోరీ కట్టనీకి ఎన్ని దినాలు పడ్తది? నువ్వు ఒక్క పూటల తవ్వితివి."

బరకత్ ఆలోచించాడు. అతను తవ్విన వాటిలో పెద్దది ఇదే. పాదుషాలది ఇంకా పెద్దదిగా ఉంటుంది. "ఆరు నెలలు అనుకో," అన్నాడు.

"పోను నెల, రాను నెల. ఏడాది అని చెప్త."

ఆమె అంచున మోకాళ్లూని మట్టికి చెప్పింది. నా కొడుకు పీరూ, నీ దగ్గర అమానతు, ఏడాదికి వస్తాను. పిల్లవాడిని బరకత్ చేతికిచ్చి, ఓఢ్నీ తీసుకోబోయి మళ్లీ వదిలేసింది. పలకలు మూసేదాకా ఉండలేదు. తల మీద గుడ్డ లేకుండా నది వైపు పరుగెత్తింది. నసీబన్ చెయ్యి పట్టుకుని ఆఖరి బండి వెనక నీళ్లలోకి దిగడం బరకత్ చూశాడు.

అతను ఇనపకడ్డీతో పలకలు జరిపి మూసి, పైన రెండు తట్టల మట్టి చల్లి, అంచుల వెంట గులాబీ కొమ్మలు గుచ్చాడు. గుంత పూడ్చానని దరోగాకు చెప్పాడు.

నాలుగో రోజున రంగులద్దే ఖైరూ వచ్చాడు. భుజం మీద పెళ్లాం శవం. ఆ రోజు ఒడ్డు నుంచి చూశాను, జమాలన్ పిల్లవాడిని ఎక్కడ ఉంచావో తెలుసు, ఈమెను కూడా ఉంచు అన్నాడు. రంజాన్ పండగకు వచ్చి తీసుకుపోతానని గడువు చెప్పాడు. ఆ తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరో ఇద్దరు. డేగిసాలు వెళ్లిపోయాక బరకత్‌కు కూడా తిండి లేదు. పార ఎత్తి మూరెడు తవ్వే శక్తి అతని చేతుల్లో లేదు. ఇద్దరు కలిస్తే పలకను పక్కకు జరపగలరు. అందుకని ఎవరినీ కాదనలేదు. ఒకరు వానలు పడేదాకా అన్నారు, ఒకరు సూరత్ నుంచి కొడుకు వచ్చేదాకా అన్నారు. నెలలు చెప్పమని బరకత్ ప్రతివాళ్లనూ అడిగి చెప్పించాడు. ఎండాకాలం వచ్చేసరికి లోపల చోటు అయిపోయింది. అప్పుడు పలకల మీద మట్టి పోసి చదును చేశాడు.

ఆ ఏడు వానలు పడ్డాయి. బరకత్ చింతగింజలు ఉడికించుకు తిని బతికాడు, తోటలో పనికి కుదిరాడు. రంజాన్ పండగ వచ్చింది, పోయింది. ఖైరూ రాలేదు. సూరత్ కొడుకు రాలేదు. చలి మొదలైన నెలలో జమాలన్ గడువు కూడా తీరింది. ఆ రోజు బరకత్ గులాబీల పక్కన కూర్చుని, ఇంకో ఏడాది అని మట్టికి చెప్పాడు. ఒక్క పీరూ పేరు చెప్పి ఊరుకుంటే మిగతావాళ్లను మట్టి తీసేసుకుంటుందని తోచి, అందరి పేర్లూ చెప్పాడు. ప్రతి ఏడూ అలాగే చెప్పాడు. ఎవరికీ తెలియనివ్వలేదు.

బేగం చనిపోయిన తిథికి చేసే ఉర్సు ఆగ్రాలో పన్నెండోసారి జరిగిన ఏడాది జమాలన్ వచ్చింది. తోట గేటు దగ్గర నిలబడి చాచా అని పిలిచేదాకా బరకత్ ఆమెను గుర్తుపట్టలేదు. చంకలో ఒక మూట ఉంది. ఆమె చేతివేళ్లు ముడుచుకోవడం లేదని నీళ్ల చెంబు అందించినప్పుడు చూశాడు. రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగింది.

"ఆరు నెలలంటివి చాచా," అంది.

"ఎవరికి తెల్సు బేటీ. అంత కడ్తరని."

అరుగు మీద కూర్చుని ఆమె ఆ పన్నెండేళ్లూ చెప్పింది. దారిలో పద్దెనిమిది మజిలీల దాకా అన్నం దొరికింది. బేగంను అక్కడ కూడా ముందు నది ఒడ్డున ఒక గుంతలో అమానతుగానే ఉంచారు. జమాలన్ పరంజాకు ఇటుకలు మోసింది. ఆ పరంజా కూడా ఇటుకతోనే కట్టారు, గోరీ ఎంత ఎత్తు లేస్తే అదీ అంత లేచింది. పని మానితే పూట తిండి పోతుంది కాబట్టి ఏ ఏడూ బయల్దేరలేకపోయింది. నసీబన్ బతికింది. రాయి నునుపు పెట్టేవాడికి ఇచ్చి పెళ్లి చేసింది. ఇద్దరు పిల్లలు. అల్లుడికి రాతిపొడితో దగ్గు పట్టుకుంది. గోరీ ఎలా ఉందని బరకత్ అడిగాడు.

"తెల్లగుంటది. పని అయిపోయినంక మమ్మల్ని దగ్గర్కి రానిస్తలేరు."

తర్వాత ఆమె మూట విప్పింది. తెల్లటి గుడ్డ. వేళ్లు పని చేసినప్పుడే, ఒకరి మగ్గం అడిగి తీసుకుని నేసింది. పీరూ తన నడుం దాకా వచ్చేవాడని గుర్తు పెట్టుకుని కొలిచింది. మూడు మూరల పొడవు.

"గడువు దాటి పదకొండేండ్లాయె. మట్టి ఉంచిందంటవా?"

"నేను ఏటేటా చెప్తనే ఉన్న. ఇంకో ఏడాది, ఇంకో ఏడాది అని."

జమాలన్ కొంగు కళ్లకు అద్దుకుని లేచింది. పార ఎక్కడుందని అడిగింది. బరకత్ లేవలేదు. రొట్టె తినమన్నాడు. వచ్చాక తింటానంది. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. అప్పుడు చెప్పాడు. ఖైరూ రావడం, తను కాదనలేకపోవడం, చోటు అయిపోయేదాకా ఉంచడం, ఏదీ దాచలేదు.

ఆమె అంతా విని, చూపించు అంది.

గులాబీలను పక్కకు తీసి మట్టి తవ్వడానికి అతనికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆమె తట్ట మోసింది. ఇనపకడ్డీ పెట్టి ఒక పలకను పక్కకు జరిపారు. పలక అంచు దాకా ఎముకలున్నాయి. పెద్దవి, చిన్నవి కలిసిపోయి, వాటి మధ్య గులాబీ వేర్లు పాకి ఉన్నాయి. గుడ్డ లేదు, వెంట్రుకలు లేవు. మట్టి ఎవరి గడువునూ లెక్క చేయలేదు.

"ఎందరున్నరు?"

"ముప్పై ఒక్కరు. పీరూతోటి."

"ఎవలన్న వచ్చిండ్రా?"

"నువ్వొక్కదానివే."

"పీరూ యాడున్నడు?"

"అందరికన్న అడుగున."

ఆమె అంచున కూర్చుంది. కావాలంటే ఒక్కొక్కటీ పైకి తీస్తానని, చిన్నవి వేరు చేస్తానని బరకత్ అన్నాడు. చిన్నవాళ్లు ఎందరని ఆమె అడిగింది. పదకొండు మంది అన్నాడు. వద్దంది.

గుడ్డను ఒళ్లో వేసుకుని, అంచును పళ్లతో కొరికి, రెండు అరచేతుల మధ్య బిగించి లాగింది. మొదటి పేలిక బెత్తెడు వెడల్పు వచ్చింది. అలా అయితే అందరికీ చాలదు. రెండోది రెండు వేళ్ల వెడల్పుకు తగ్గించింది.

"పేర్లు చెప్పు," అంది.

"ఖైరూ పెండ్లాం, హాజ్రా."

ఆమె పేలికను ఎముకల మీద పరిచింది.

"గుర్రాలకు నాడాలు కొట్టే మహమూద్ తల్లి. పేరు తెల్వది. అందరు నానీ అనేటోళ్లు."

ఇంకో పేలిక. పదకొండేళ్లుగా ఏటా చెప్పిన పేర్లు కాబట్టి బరకత్ ఎక్కడా తడుముకోలేదు. వరుసలో ఫత్తూను కసిరిన ముసలామె పేరు పదిహేడోది. ఆ పేరు దగ్గర జమాలన్ ఆగి, ఆమె కూడానా అంది, మళ్లీ గుడ్డ కొరికింది. ముప్పై పేర్లు అయ్యాక ఆమె ఒళ్లో వేలెడు వెడల్పు అంచు మిగిలింది. పీరూ పేరు బరకత్ చెప్పలేదు. ఆమె ఆ అంచును ఎముకల సందులోంచి చెయ్యి పోయినంత లోతుకు తోసింది. మోచేయి దాకా పోయింది.

ముల్లాను పిలుచుకురానా అని బరకత్ అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపి, పన్నెండేళ్ల కింద కూర్చున్నట్టే మోకాళ్ల మీద కూర్చుంది.

"గడువు అయిపోయింది," అని మట్టికి చెప్పింది. "ఇగ నీయే. అందరు."

బరకత్ పలక మూసి మట్టి పోశాడు. తవ్వడానికి పట్టినంత సేపే పట్టింది.